వార్షిక నివేదిక: పుస్తకంలో ఉన్నది, పుస్తకం గురించి ఉన్నది

సభ్యులందరికీ నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలోని మన గ్రంథాలయ సంఘం తరఫున వేసవి పద్యాల తరగతులు, పిల్లల పుస్తకాల కొనుగోలు, అలమరాలకు చెదల మందు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా చదువుతారు. ఈ ఏడాది మన సమయమంతా తిన్నది పాత పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించే పని, అందులో జరిగిన ఒక పొరపాటును దిద్దుకోవడం. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మొదట్లో మనవాళ్లు అట్ట నుంచి అట్ట దాకా కనిపించిందంతా ఒకే వరసలో టైపు చేశారు. పుస్తకం పేరు, ముద్రించిన సంవత్సరం, మన రబ్బరు స్టాంపు, ‘ఇక్కడ అక్షరం చెరిగింది’ అని టైపు చేసినవారు రాసుకున్న గమనిక, అన్నీ పద్యాల్లో కలిసిపోయాయి. తీరా ‘గుంటూరు’ అని వెతికితే ప్రతి పుస్తకమూ వచ్చింది! మన స్టాంపులో ఊరి పేరుంది మరి. ఊరి ప్రస్తావన నిజంగా ఉన్న పద్యం ఆ గుంపులో ఎక్కడుందో తెలియలేదు. నెలల తరబడి కళ్లు నొప్పి పుట్టేలా చేసిన పని ఇలా అయ్యేసరికి అందరికీ టెన్షన్ పట్టుకుంది.

ఈ చిక్కుకు దారి ముందే ఉంది. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో పేజీ గురించిన వివరాలు ‘హెడ్’లో, చదివే విషయం ‘బాడీ’లో ఉంటాయి. సాహిత్య గ్రంథాల వంటి వాటి కోసం 1987లో మొదలైన టీఈఐ (టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్) పద్ధతిలో ప్రతి ఫైలుకూ ముందు హెడర్ తప్పనిసరి. మూలప్రతి ఏది, ఎవరు ఎక్కించారు, ఏం దిద్దారు అన్నవి అక్కడ రాస్తారు. పాఠం ఆ తర్వాతే. మనం ఈ పద్ధతికే మారాం. ఉత్తరం పంపేటప్పుడు కూడా అంతే కదా: ‘బ్రాడీపేట 4/14’ అని చిరునామా కవరు మీద రాస్తాం, ఉత్తరం లోపల పెడతాం. పోస్ట్‌మ్యాన్‌కు ఉత్తరం చదవాల్సిన పని లేదు.

అయితే అన్నీ కవరు మీదికి ఎక్కవు. చెరిగిన అక్షరం సంగతి ఆ పద్యంలో ఆ చోటే చెప్పాలి. అందుకే దాన్ని అక్షరాలుగా కాకుండా ట్యాగుగా, అంటే పాఠం నుంచి వేరుగా కంప్యూటరు పోల్చుకునే గుర్తుగా పెట్టాం. చోటు పోదు, పాఠంలో మన మాట కలవదు. ఆశ్వాసాంత గద్య (కావ్యంలో ఒక్కో అధ్యాయం చివర వచ్చే వచనం) దగ్గర మాత్రం రెండు ఆదివారాలు వాదన నడిచింది. తిక్కన భారతంలో ఆశ్వాసం చివరి గద్యలో కవి పేరు, తండ్రి కొమ్మన పేరు ఉంటాయి. అది గ్రంథం వివరమే కదా, పైన హెడర్‌లోకి మార్చేద్దామన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. అది కవి రాసిన మాట, దాన్ని కదిపే హక్కు మనకు లేదు. చివరికి గద్యను ఉన్నచోటే ఉంచి, కవి పేరును హెడర్‌లో మళ్లీ రాశాం.

పాత ఫైళ్లను విడదీసే పని ఇంకా మిగిలే ఉంది. వారానికి ఒక సాయంత్రం కూర్చోగలవారు పేరు ఇవ్వండి. ఇంట్లోని పాత పుస్తకాలు ఇచ్చేవారు అవి ఎవరివో, ఎక్కడి నుంచి వచ్చాయో ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. దయచేసి పుస్తకం మీద రాయకండి.

కార్యదర్శి