పుల్ల ముదరనివ్వరా?

సంపాదకులకు,

మా అత్తగారికి ఆయాసం. ఎవరో చెప్పారని పోయిన వారం కీడాజడి (పురుగు మీద పెరిగే శిలీంధ్రపు మూలిక) కోసం విశాఖలో ఒక మూలికల దుకాణానికి వెళ్లాను. వేలెడంత గాజు సీసా తీసి చూపించారు. లోపల ఆరు ఎండు పురుగులు. పసుపు ఒళ్లంతా ముడతలు, పొట్ట కింద కాళ్లు కూడా తెలుస్తున్నాయి. ఒక్కోదాని తలలోంచి నల్లటి పుల్ల కొద్దిగా పొడుచుకొచ్చి ఉంది. "పుల్ల పొట్టిగా ఉంటేనే మేలు రకమమ్మా, పెరిగితే రేటు పడిపోతుంది" అన్నాడాయన. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఆ మాటకు ప్రాణం ఉసూరుమంది.

ఆ పుల్లే అసలు శిలీంధ్రం. హిమాలయాల్లో, టిబెట్ పీఠభూమిలో 3,000 మీటర్లకు పైన, నేలలో వేళ్లు తిని బతికే గొంగళిని పట్టి చంపి, మంచు కరిగే వేళకు దాని తలలోంచి బయటికొస్తుంది. పుల్ల ముదిరితేనే సిద్ధబీజాలు రాలుతాయి. లేతగా పెరికేస్తే ఆ వాలులో వచ్చే తరానికి విత్తనం లేనట్టే. పైగా ఒక ప్రాంతపు శిలీంధ్రం, దూరంగా ఇంకో కొండల వరుసలో పెరిగేది జన్యుపరంగా ఒకటి కావు. అక్కడి చలికి, అక్కడి పురుగుకు తరతరాలుగా అలవాటుపడ్డ రకం పోతే, మరోచోటి నుంచి తెచ్చి పూడ్చగలమా? 15 ఏళ్లలో కనీసం 30 శాతం తగ్గిందన్న అంచనాతో 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని ఎర్ర జాబితాలో ముప్పున్న జాతిగా చేర్చింది.

ఉత్తరాఖండ్‌లోని పితోరాగఢ్, చమోలీ పల్లెల్లో మోకాళ్ల మీద పాకుతూ ఏరుకునేవాళ్లను నేను తప్పుపట్టను. లేతదానికి ఎక్కువ ఇస్తున్నది కొనేవాళ్లమే. మన ఏజెన్సీలో తపసి బంక సంగతి చూడండి. గొడ్డలితో లోతుగా నరికి బంక తీస్తుంటే చెట్లు చచ్చిపోయేవి. చిన్న గాటుతో తీయడం నేర్పించి, శుభ్రమైన బంకకు మంచి ధర చూపించాకే ఆ దెబ్బ తగ్గింది. విశాఖలోనే ప్రధాన కార్యాలయం ఉన్న గిరిజన సహకార సంస్థకు ఈ అనుభవం ఉంది. ఉత్తరాఖండ్ వాళ్లకు అది పనికొస్తుంది, పంచుకోమని కోరుతున్నాను.

మన వైపు నుంచి ఇంకో పని ఉంది. ప్రయోగశాలలో పెంచే నారింజ రంగు కార్డిసెప్స్ శిలీంధ్రం కీడాజడి కాదు, వేరే జాతి. పొడి చేశాక ఏది ఏదో మనకెలా తెలుస్తుంది? ఏ జాతి, కొండ మీద ఏరిందా పెంచిందా, ఎక్కడిదీ అన్నది సీసా మీద తెలుగులో రాయించాలి. అధికారులు నమూనాలు తీసి డీఎన్ఏ పరీక్ష చేయించాలి.

ఆ సీసా నేను కొనలేదు. అత్తగారిని ఊపిరితిత్తుల డాక్టరుకు చూపిస్తున్నాం.

— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం