‘వింత చేప’ వింతేమీ కాదు, మన ఫిష్ ట్యాంక్‌లోదే

ఎడిటర్ గారికి నమస్కారం.

జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు ‘వలకు చిక్కిన వింత చేప’ అని ఒక ఫొటో వస్తుంటుంది. ఒళ్లంతా పెంకుల్లాంటి చర్మం, నల్లటి చారలు, నోరు అడుగువైపు. మీ పత్రిక ఒక్కటే అని కాదు, అందరూ వేస్తారు. అందులో వింతేమీ లేదండీ. అది సక్కర్ క్యాట్‌ఫిష్, దక్షిణ అమెరికా చేప, మన దగ్గర ఏ అక్వేరియం షాపుకెళ్లినా ‘గ్లాసుకు పట్టిన నాచు తినేస్తుంది సార్’ అని వేలెడంత పిల్లను కవర్లో కట్టి ఇస్తారు. అడుగు దాటి పెరుగుతుందని మాత్రం చెప్పరు. పెరిగాక ట్యాంకులో పట్టదు, చంపడానికి మనసొప్పదు, దాంతో దగ్గర్లో ఉన్న చెరువులో వదిలేసి పుణ్యం చేశామనుకుంటారు. అక్కడ అది గట్లకు బొరియలు పెడుతుంది, ముళ్లతో వలలు చింపుతుంది, నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీళ్లలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్లను బట్టి వెతికితే తూర్పు కనుమల్లోని నీటి వనరుల్లో 60 శాతం చోట్ల ఇది కనిపించింది. ఇక వింత ఎక్కడిది? ఈసారి ఫొటో వేసినప్పుడు కింద దాని పేరు, అది చెరువులోకి ఎలా వచ్చిందో రెండు ముక్కలు రాయండి.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇంకోటి. మన ట్యాంకుల్లోంచి చెరువులోకి ఎలా వెళ్తున్నాయో, బయటివి మన ట్యాంకుల్లోకీ అలాగే వస్తున్నాయి. నాకు ఈ చేపల పిచ్చి ఉందని తెలిసి చుట్టాలూ స్నేహితులూ ‘ట్యాంకులో ఏదో పురుగు, టెన్షన్‌గా ఉంది’ అని ఫొటోలు పంపిస్తుంటారు. చాలాసార్లు నత్తలే. మొక్క ఆకుల కింద జిగురులాగా అంటుకున్న గుడ్లతో వస్తాయి, ఒక్కటి వచ్చినా చాలు, వీటిలో కొన్ని రకాలకు జత కూడా అక్కర్లేదు. తిండి ఎక్కువ వేసే ఇంట్లో నత్తలూ ఎక్కువే, అంతకంటే రహస్యమేమీ లేదు.

హైడ్రా అనే చిన్న నీటి జీవి అయితే మాత్రం నాకు సరదా. ఇంటర్‌లో జువాలజీ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, గ్లాసుకు సన్నటి దారం ముక్కలా అంటుకుని చివర చేతులు చాచి ఉంటుంది, ముట్టుకుంటే చుక్కంత అయిపోతుంది. 1740ల్లో హాలండ్‌లో ఒక దొరగారి పిల్లలకు చదువు చెప్పే అబ్రహాం ట్రెంబ్లే అనే ఆయన కాలువ నీళ్లు సీసాలో పెట్టుకుని చూస్తుంటే ఇది కనిపించింది, రెండు ముక్కలు చేస్తే రెండూ మళ్లీ పూర్తి హైడ్రాలయ్యాయి. అప్పట్లో యూరప్ అంతా ముక్కున వేలేసుకుంది. పెద్ద చేపల్ని ఇది ఏమీ చేయలేదు గానీ అప్పుడే పుట్టిన పిల్లల్ని, చిన్న రొయ్యల్ని పట్టేస్తుంది. పశువుల నులిపురుగుల మందు వేసి చంపేవాళ్లున్నారు, దాంతో నత్తలు కూడా పోయి, కుళ్లి, ఉన్న నీళ్లు కాస్తా పాడవుతాయి.

నిజంగా భయపడాల్సింది తూనీగ పిల్లకు, అది కూడా మీరు కాదు, మీ గప్పీల్లాంటి చిన్న చేపలు. రెక్కలు రాకముందు అది నీళ్లలోనే బతుకుతుంది. కింది దవడను మడిచి మొహం కింద దాచుకుని, చేప పిల్ల దగ్గరకు రాగానే ఒక్కసారి ముందుకు విసిరి పట్టేస్తుంది. చేపలు రోజుకొకటి మాయమవుతుంటే మొక్కల మొదళ్లలో వెతకండి. దొరికితే చంపకుండా విడిగా ఒక గిన్నెలో వేసి, దోమ పిల్లలు తిండిగా పెట్టి, ఒక పుల్ల నిలబెట్టండి, రెక్కలొచ్చే వేళకు దాని మీదకెక్కి ఎగిరిపోతుంది.

ఇవేవీ తెలియక జనం చేసే పని ఏమిటంటే బ్లీచింగ్ పెట్టి ట్యాంకంతా కడిగేస్తారు. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే విషపు అమ్మోనియాను తగ్గించే, ఫిల్టర్‌లో ఉండే మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది, ఆ అమ్మోనియా పెరిగి వారంలో చేపలు చస్తాయి, నింద పురుగు మీద పడుతుంది. ఇంకొందరు మొక్కలూ నత్తలూ నీళ్లూ కలిపి చెరువులో పోస్తారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు అందం కోసం తెచ్చుకున్న మొక్కే కదా, ఇవాళ చెరువుల గతేమిటో చూస్తున్నాం.

ఇది మన ఒక్కరి గోలే కాదు. 2021లో అమెరికాలో అక్వేరియంలకు అమ్మే గుండ్రటి నాచు ఉండల్లో జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పలు బయటపడ్డాయి. సియాటిల్‌లో ఒక షాపు ఉద్యోగి గమనించి చెబితే, వెతికేకొద్దీ చాలా రాష్ట్రాల షాపుల్లో దొరికాయి. అవి సరస్సుల్లో చేరితే నీటి పైపుల్ని పూడ్చేస్తాయి కాబట్టి, ఆ ఉండల్ని ఫ్రీజర్‌లో పెట్టో, మరిగించో చంపి చెత్తలో వేయమని ప్రభుత్వమే జనానికి చెప్పింది. మన దగ్గర మత్స్యశాఖ వాళ్లు షాపుల గోడ మీద ఇలాంటి కాగితం ఒక్కటి అంటించినా చాలు. షాపులవాళ్లు కూడా పెరిగిపోయిన చేపను వెనక్కి తీసుకుంటామంటే సగం గొడవ తీరుతుంది.

కొత్త మొక్క కొంటే ట్యాంకులో పెట్టకుండా రెండు మూడు వారాలు విడిగా బకెట్లో ఉంచండి, గుడ్లు పొదిగి ఏం బయటికొస్తుందో అందులోనే తెలిసిపోతుంది. తీసేసిన మొక్కల్ని పూర్తిగా ఎండబెట్టాకే చెత్తలో వేయండి. ట్యాంకు మార్చిన నీళ్లు, మందులేవీ వేయకపోతే, కుండీల్లో పోసుకోండి, మొక్కలకు మంచి ఎరువు.

– ఒక పాఠకుడు, సామర్లకోట