కొండచిలువ తోలు బ్యాగుకు నల్లగొండ ఎండ

ఎడిటర్ గారికి నమస్కారం.

ఖరీదైన తోలు బ్యాగులు ఎలా దాచుకోవాలో చెప్పేవాళ్లంతా చల్లటి దేశాల లెక్కే చెప్తారు, మా నల్లగొండలో మే నెలలో 44 డిగ్రీలు దాటే ఎండ, వానలు మొదలవగానే చెమ్మ పట్టే గోడలు, ఈ రెండింటి సంగతి ఎవరికీ పట్టదు. మా ఆడబిడ్డ సింగపూర్ నుంచి తెచ్చిన కొండచిలువ తోలు బ్యాగును ఎండాకాలమంతా బీరువా మీదే ఉంచాను. పొలుసుల అంచులు ఎండుమిరప తొక్కలా పైకి లేచాయి. సరే అని వానాకాలం ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడితే లోపలంతా తెల్లటి బూజు!

పాము తోలును పొలుసులు వాలిన వైపే తుడవాలట, నేను ఎదురు తుడిచాను. మొసలి తోలు మీద నీటిచుక్క పడితే రుద్దకుండా పొడిగుడ్డతో అద్దాలి. కొబ్బరినూనె మాత్రం రాయొద్దు (మా అత్తమ్మ సలహా అదే), రంగు నల్లబడుతుంది. ఇప్పుడు పాత కాటన్ దిండు గలీబులో పెడుతున్నా, లోపల తెల్లకాగితం ఉండలు, వానాకాలం మాత్రం చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి. న్యూస్‌పేపర్ కుక్కితే సిరా అంటుతుంది, మీరేమనుకోకండి.

ఇంకొకటి, కొండచిలువలు, మొసళ్లు సైటిస్ ఒప్పందం (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని దేశాల మధ్య అదుపు చేసేది) జాబితాలో ఉన్నాయి, విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు కాగితాల సంగతి ముందే కనుక్కోండి.

– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ