వార్షిక నివేదిక 2024–25: ర్యాంపు, గేటు, వాట్సాప్ నోటీసులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం ఎక్కువగా తిరిగింది ఒక్క పని చుట్టూనే. మన కాలనీలోని వికలాంగులు ఎవరినీ బతిమాలకుండా హాలుకి, పార్కుకి రాగలగాలి.

ముందు మా పొరపాటు చెప్పాలి. జూన్‌లో హాలు మెట్ల పక్కన ర్యాంపు కట్టించాం. మెట్ల ఎత్తు అడుగున్నర, ర్యాంపు పొడవు ఆరడుగులు. ప్రారంభం రోజున వీల్‌చైర్‌లో వచ్చిన సభ్యురాలు సగం ఎక్కేసరికి చక్రాలు వెనక్కి జారాయి. ఇద్దరం పరుగెత్తి పట్టుకున్నాం. "మెట్లే ఉంటే సాయం అడిగేదాన్ని. ఇది చూసి ఎక్కగలననుకున్నాను" అన్నారావిడ. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలట. అంటే మనకి పద్దెనిమిది అడుగులు. పాతది పగలగొట్టించి, మలుపు దగ్గర చదును వదిలి, రెండువైపులా కడ్డీలతో మళ్లీ కట్టించాం. ఈసారి మేస్త్రీ పక్కన ఆవిడే ఉండి కొలతలు చూశారు. రెండుసార్లు అయిన ఖర్చు జమాఖర్చుల్లో విడిగా చూపించాం.

వినాయక చవితికి మండపం నేల మట్టానికే వేయడంతో ఆవిడ స్వయంగా హారతి ఇచ్చారు.

డిసెంబర్ 3న, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం నాడు, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గురించి చెప్పుకున్నాం. 1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలే, ఇప్పుడు 21. ఆటిజం, తలసీమియా కూడా ఉన్నాయని చదువుతుంటే, "మా వాడిది కూడా ఇందులోకి వస్తుందా?" అంటూ ఒక తల్లి లేచారు. మరుసటి వారం ఆవిడతో మీసేవకి వెళ్లి సదరం (వైకల్య ధ్రువపత్రం కోసం చేసే వైద్య పరీక్ష) స్లాట్ బుక్ చేయించాం. వికలాంగులకి కల్పించాల్సిన సౌకర్యాల ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కోర్టుకి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రమే కావడం మనకి గర్వకారణం.

గ్రూపులో నోటీసు ఫొటో పెడితే చూపులేని సభ్యుల ఫోన్ దాన్ని సరిగా చదవలేకపోతోంది. వాయిస్ మెసేజ్ పెడితే వినికిడి లేనివారికి అందదు. అందుకే నోటీసులన్నీ టైప్ చేసే పెడుతున్నాం. మీరూ అలాగే పెట్టండి.

పార్కు గేటు మిగిలిపోయింది. బైకులు రాకుండా పెట్టిన ఇనుప కమ్మీలు వీల్‌చైర్‌నీ ఆపేస్తున్నాయి. వచ్చే నెల తొలి ఆదివారం ఉదయం 7 గంటలకు అక్కడ కొలతలు తీస్తాం. వీల్‌చైర్, చేతికర్ర వాడే సభ్యులు దయచేసి రండి. మీరు సరేనన్నాకే వెల్డర్‌కి చెప్తాం.

కార్యదర్శి,
కాలనీ సంక్షేమ సంఘం