వార్షిక నివేదిక: మ్యాపు గీసే పిల్లలకు ధర చెప్పడం నేర్పాం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, సంక్రాంతి ముగ్గుల పోటీ, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. ఫోటోలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. జమాఖర్చుల పట్టిక దీనికి జతచేశాం. ఈ ఏడాది కొత్తగా చేసింది ఒకటే. దాని మీద సర్వసభ్య సమావేశంలో కాస్త గొడవ కూడా అయింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

చెన్నైలో జియోగ్రఫీ ఎమ్మెస్సీ చదువుతున్న మన పిల్లలకు ఆదివారాలు మన హాల్లో వ్యాపార మెళకువలు నేర్పించాం. "దాని బదులు బ్యాంకు పరీక్షలకు కోచింగ్ పెట్టొచ్చుగా" అన్నారు కొందరు పెద్దలు. నాకూ అదే అనుమానం ఉండేది, మొదటి క్లాసు దాకా. ఆ రోజు మన ఆడిటర్ గారు ఒక అమ్మాయి గీసిన మ్యాపు చేతిలోకి తీసుకుని "ఇది నాకు కావాలమ్మా, ఎంతిమ్మంటావు?" అని అడిగారు. ఆ పిల్ల తల దించుకుని "మీ ఇష్టం సార్" అంది. మూడు రాత్రులు కూర్చుని చేసిన మ్యాపు అది!

అక్కడి నుంచే మొదలుపెట్టాం. ఒక ఆదివారం అందరినీ సెయింట్ థామస్ మౌంట్‌కు తీసుకెళ్లాం. 1802 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైనికాధికారి లాంబ్టన్ దేశాన్ని కొలిచే తన సర్వేకు ఇనుప గొలుసుతో మొదటి గీత కొలిచింది అక్కడే. ఏడున్నర మైళ్లకు 57 రోజులు పట్టింది. ఇదంతా పిల్లలు చదువుకున్నదే. "గొలుసు మోసినవాళ్లకు కూలి ఎవరిచ్చారు? ఎందుకిచ్చారు?" అని మన కిరాణా హోల్‌సేల్ పెద్దాయన అడిగేసరికి అందరూ మొహాలు చూసుకున్నారు. 1799లో టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం పడ్డాక ఈస్టిండియా కంపెనీకి కొత్తగా బోలెడు నేల దక్కింది, దాని కొలతలు కావాల్సి వచ్చాయి. "కొనేవాడున్నాడు కాబట్టే గొలుసు కదిలింది" అన్నారాయన. ఆయన చదివింది ఎనిమిదో తరగతి.

తర్వాత అసలు పని. టి.నగర్‌లో మెస్ నడిపే మన సభ్యుడొకరు రెండో బ్రాంచి ఎక్కడ పెట్టాలో చూసిపెట్టమన్నారు. పిల్లలు క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఆయన చూసిన షాపు చుట్టూ రెండు కిలోమీటర్ల గుండ్రం గీసి, లోపల హాస్టళ్లు, ఆఫీసులు గుర్తించి తెచ్చారు. ఆయన కళ్లజోడు సర్దుకుని అర నిమిషం చూసి, "మధ్యలో రైలు పట్టాలున్నాయి కదమ్మా, వెస్ట్ మాంబళం నుంచి పట్టాలు దాటి భోజనానికి ఎవరొస్తారు? వానొస్తే సబ్‌వేలో నీళ్లు" అన్నారు. వాళ్లు తిరిగి వెళ్లి, అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్ల మీద నడక దూరం లెక్కకట్టారు. గుండ్రం కాస్తా పీతలా కాళ్లు చాపింది. సగం హాస్టళ్లు ఎగిరిపోయాయి. షాపు మారింది. బిల్లు ఇచ్చారు, ఆయన డబ్బు కట్టారు. ఆ మ్యాపు కింద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు వేయడం తప్పనిసరి అని కూడా అప్పుడే నేర్చుకున్నారు.

కాగితాల సంగతి ఆడిటర్ గారు ఒక్క పూటలో తేల్చేశారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సడలించాక మనవాళ్లు మ్యాపులు తయారుచేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, కొన్ని రక్షణ సంబంధమైన వివరాలు తప్ప. ఇలాంటి సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ఇది తెలియక ఒక కుర్రాడు అప్పటికే ఏజెంటు చేతిలో డబ్బు పోసి వచ్చాడు.

ఒక పొరపాటు నాది. ఒక అపార్ట్‌మెంటు వాళ్లు వాన నీరు ఎటు నుంచి వస్తోందో మ్యాపు కావాలన్నారు. వానొస్తే నీళ్లు నిలిచే వేళచ్చేరి వైపు కాబట్టి మంచి పని అనుకున్నాం. తెలిసినవాళ్లే కదా అని అడ్వాన్సు వద్దన్నాను. పిల్లలు రెండు ఆదివారాలు ఎండలో తిరిగి ఎత్తుపల్లాలు రాసుకొచ్చారు. మ్యాపు వాట్సాప్‌లో తీసుకున్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఇప్పుడు సగం డబ్బు ముందు రానిదే పని మొదలుపెట్టకూడదని నియమం పెట్టుకున్నాం. ఆ నియమం రాసింది నేను కాదు, "మీ ఇష్టం సార్" అన్న అమ్మాయి.

వచ్చే ఏడాది క్లాసులు ఉగాది తర్వాతి ఆదివారం మొదలవుతాయి. ప్రొజెక్టర్ బల్బు పోయింది, మార్చాలి. డెలివరీ రూట్లు, కొత్త షాపు చోటు లాంటి పని ఉన్న సభ్యులు నాకు చెప్పండి. చందాలు వద్దు, పని ఇవ్వండి. అపార్ట్‌మెంటు బాకీ మాత్రం ఇంకా రాలేదు.

ఇట్లు,
కార్యదర్శి