కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: సాలార్‌జంగ్ మ్యూజియం యాత్ర

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు కాబట్టి నేను వాటి జోలికి పోవడం లేదు. వానాకాలానికి ముందే కాలువల పూడిక తీయించాం. కార్తీక వనభోజనాలు మన విశాఖలోనే ముడసర్లోవలో జరిగాయి. పులిహోర ఎప్పట్లాగే చాల్లేదు. ఇక ఈ ఏడాది చెప్పుకోవలసిన కార్యక్రమం ఒక్కటే, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం యాత్ర.

రైలు టికెట్లు తీసేముందు తేదీ దగ్గరే చర్చ మొదలైంది. మ్యూజియం అంటే సోమవారం సెలవని చాలామంది లెక్క. సాలార్‌జంగ్‌కి సెలవు శుక్రవారం. ఆ సంగతి ముందే తెలుసుకున్నాం కాబట్టి ప్రయాణం దానికి తగ్గట్టు కుదుర్చుకున్నాం.

బయల్దేరేముందు కమ్యూనిటీ హాల్లో ఒక సాయంత్రం కూర్చుని అక్కడ ఎలా మసలుకోవాలో మాట్లాడుకున్నాం. "చేయవద్దు" అని జాబితా చదివితే ఎవరికీ నచ్చదు, పెద్దవాళ్లకి అసలు నచ్చదు. అందుకే ప్రతి నిబంధనకీ కారణం చెప్పాలనుకున్నాం. అది మంచి పనే అయింది.

మొదటి ప్రశ్న ఊహించినదే. "బొమ్మని ఒక్కసారి ముట్టుకుంటే అరిగిపోతుందా?" ఒక్కసారికి అరగదు. కానీ ఒక్కసారి ముట్టుకునేవాళ్లు రోజూ వందల మంది వస్తారు. పాత గుళ్లలో రాతి గడప మధ్యలో నున్నగా గుంట పడి ఉంటుంది, దాన్ని ఎవరూ సుత్తితో కొట్టలేదు కదా! పైగా చేతి చెమటలో ఉప్పు, జిడ్డు ఉంటాయి. పాలరాయి వాటిని పీల్చుకుని మరకలు పడుతుంది, లోహం మీదైతే వేలిముద్రే తుప్పుగా మారుతుంది. సాలార్‌జంగ్‌లో ఈ మాట అందరికీ గుర్తొచ్చే చోటు ముసుగు రెబెక్కా దగ్గర. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ అది. మొహం మీది ముసుగు తడిగుడ్డలా కనిపిస్తుంది. నిజంగా రాయేనా అని చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్తుంది. మన పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఇద్దరు ముగ్గురు పెద్దల చేతుల్ని మాత్రం పక్కవాళ్లు పట్టుకోవలసి వచ్చింది.

బ్యాగులు క్లోక్‌రూమ్‌లో పెట్టమంటే అనుమానిస్తున్నారని కొందరు నొచ్చుకుంటారు. సంగతి అది కాదు. వీపున బ్యాగు ఉన్న మనిషికి తన వెనక ఎంత చోటు పడుతుందో తెలియదు. పొరపాటున తగిలినా నష్టం నష్టమే. 2006లో కేంబ్రిడ్జ్ ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఒక సందర్శకుడు మెట్ల మీద కాలు జారి చైనా వాళ్ల పాత పూలకుండీలు మూడింటి మీద పడ్డాడు. మూడూ ముక్కలయ్యాయి. 2010లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒకావిడ తూలిపడితే పికాసో చిత్రం ఆరంగుళాల మేర చిరిగింది. ఇద్దరూ కావాలని చేసినవాళ్లు కాదు. నిపుణులు కష్టపడి అతికారు గానీ, అతికినది అతికినదే.

గదుల్లో వెలుతురు తక్కువగా ఉందన్న ఫిర్యాదూ వచ్చింది. కాగితం, నీటిరంగులు, పట్టుబట్టలు ఉన్నచోట వెలుగును దాదాపు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దగ్గరే ఉంచుతారు. కాంతికి వెలిసిన రంగు మళ్లీ రాదు. మరి ఫ్లాష్? ఒక్క ఫ్లాష్‌తో బొమ్మకి పెద్ద నష్టం ఉండకపోవచ్చు, పక్కవాళ్ల కళ్లకి మాత్రం ఖాయం. ఫోటోల నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, టికెట్ కౌంటర్ దగ్గరే అడిగేస్తే గొడవ ఉండదు.

బోర్డుల మీద రాయని మర్యాదలు కొన్ని ఉన్నాయి. ముందువైపు జర్మన్ ఫౌస్ట్ కథలోని దయ్యం మెఫిస్టోఫెలిస్, వెనకవైపు అదే కథలోని అమ్మాయి మార్గరెట్టా కనిపించేలా ఒకే దుంగలో చెక్కిన బొమ్మ వెనక అద్దం పెట్టారు, రెండోవైపు కనబడటానికి. ఆ అద్దంలో తమనే చూసుకుంటూ సెల్ఫీలు దిగేవాళ్ల వల్ల మార్గరెట్టా ఎవరికీ కనబడదు. సంగీత గడియారం దగ్గర ఇంకో తంతు. గంట కొట్టే చిన్న బొమ్మ బయటికి రావడం చూడాలని జనం ముందే చేరి కూర్చుంటారు. సరిగ్గా అది వచ్చేవేళకి ముందు వరుస వాళ్లు ఫోన్లు ఎత్తి లేచి నిలబడతారు. మనవాళ్లు కూర్చునే చూశారు, వెనకున్న వేరే ఊరి కుటుంబం థాంక్స్ చెప్పింది. ఇది నివేదికలో రాయదగ్గ విషయమేనని కార్యవర్గం అభిప్రాయం.

పిల్లలకి ముందుగా మన బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఒక పూట అలవాటు చేయించాం. డచ్చివాళ్ల నాటి బంగళా అది, గదులు చిన్నవి, కాబట్టి పరిగెత్తకూడదని వేరే చెప్పనక్కర్లేకపోయింది. బొమ్మలు వేసుకునేవాళ్లకి పెన్నులు కాకుండా పెన్సిళ్లే ఇచ్చాం. పెన్ను సిరా పొరపాటున అంటితే పోదు, పెన్సిల్ గీత చాలావరకు పోతుంది.

వచ్చే ఏడాదికి అనకాపల్లి దగ్గర శంకరం, బొజ్జన్నకొండ అనుకుంటున్నాం. అక్కడి బౌద్ధ కట్టడంలో ఒక ఆకారాన్ని రాక్షసుడనుకుని కనుమ రోజున రాళ్లు రువ్వే ఆచారం ఉండేది. ఆరుబయట కొండ మీద అద్దాల పెట్టెలుండవు, గదికో గార్డు ఉండడు. అందుకే ఈసారి కూడా ముందురోజు హాల్లో కూర్చుని మాట్లాడుకున్నాకే బయల్దేరతాం, ఆ సమావేశానికి రానివాళ్లకి బస్సులో సీటు ఉండదు. పేర్లు సంక్రాంతి లోపు కార్యదర్శికి ఇవ్వగలరు.