అదను దాటాక అందే సాయం

సంపాదకుడి గారికి, నమస్కారం.

నగదు పథకాల మీద పత్రికల్లో, టీవీల్లో జరిగే వాదన ఎప్పుడూ రెండు మాటల చుట్టూనే తిరుగుతోంది. జనం సోమరులవుతున్నారనేది ఒకటి, ఖజానా ఖాళీ అవుతోందనేది ఇంకొకటి. ఆ డబ్బు ఏ తారీఖున ఇంటికి చేరిందని మాత్రం ఎవరూ అడగడం లేదు. కూలి చేసుకుని బతికే కుటుంబానికైనా, ఎకరం రెండెకరాల రైతుకైనా సాయం ఎంత వచ్చిందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు వచ్చిందన్నదీ అంతే ముఖ్యం.

ముందు సోమరితనం సంగతి. డబ్బు చేతికిస్తే తాగేస్తారన్న మాటకు ఆధారం లేదు. లాటిన్ అమెరికా, ఆఫ్రికా, ఆసియా దేశాల అధ్యయనాలను ప్రపంచ బ్యాంకు పరిశోధకులు పోల్చి చూశారు. సాయం అందిన ఇళ్లలో మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిన దాఖలా వారికి దొరకలేదు. మన దేశంలోనే మధ్యప్రదేశ్‌లో 2011-12లో ‘సేవా’ అనే మహిళా కార్మికుల సంస్థ యునిసెఫ్ తోడ్పాటుతో కొన్ని గ్రామాల్లో ప్రతి మనిషికీ షరతుల్లేకుండా నెలనెలా డబ్బు ఇచ్చి చూసింది. పెద్దవారికి 200, పిల్లలకు 100తో మొదలుపెట్టి తర్వాత 300, 150 చేశారు. అక్కడ జనం పని మానలేదు. పరాయి పొలంలో కూలికి పోయేవారు తమ సొంత చేను మీద ఎక్కువ రోజులు పని చేసుకోగలిగారు. ఈ వాదనను ఇక్కడితో వదిలేసి అసలు విషయంలోకి వెళ్దాం.

రెండెకరాల రైతు కుటుంబం లెక్క చూడండి. తెలంగాణలో 2025 నుంచి రైతు భరోసా కింద ఎకరాకు ఏడాదికి 12,000, అంటే ఒక్కో పంటకు 6,000. రెండెకరాలకు 12,000 రూపాయలు. తొలకరికి దుక్కి, విత్తనం, అడుగు మందు, కూలీలు అన్నీ పది పదిహేను రోజుల్లో కావాలి. పదును ఆరిపోతే మళ్లీ వాన కోసం ఎదురుచూడాల్సిందే. ఆ రోజుకు సొమ్ము పడకపోతే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. 12,000 మీద నెలకు 360, మూడు నెలలకు 1,080. వడ్డీ వ్యాపారి దొరక్కపోతే మందుల దుకాణంలో ఉద్దెర. అక్కడ రొక్కం ధర వేరు, ఉద్దెర ధర వేరు. పైగా పంట ఆ దుకాణదారుకే అమ్మాలి. క్వింటాలుకు వంద రూపాయలు తగ్గించినా పదిహేను క్వింటాళ్లకు 1,500. వడ్డీ, ఈ తరుగు కలిపితే 2,580. ప్రభుత్వం పైసా తగ్గించకుండా మొత్తం ఇచ్చినా, అది ఆలస్యంగా రావడం వల్లే ఐదో వంతుకు పైగా ఆ ఇంటికి దక్కకుండా పోతుంది.

2018 మేలో తెలంగాణ రైతుబంధు మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం సరిగ్గా ఇదే. విత్తనాల వేళకు చేతిలో పెట్టుబడి ఉండాలి, అప్పు కోసం గడప తొక్కే పని తప్పాలి. అప్పట్లో ఎకరాకు 4,000 చెక్కు. ఆలోచన మంచిది. కానీ రానురాను తేదీ జారిపోయింది. 2023-24 యాసంగి సాయం కొందరికి మే నెలదాకా పడలేదు. అప్పటికి పంట కోత కూడా అయిపోయింది. 2024 వానాకాలానికి అసలు ఇవ్వలేదు.

కేంద్రం పీఎం కిసాన్‌దీ అదే దారి. ఏడాదికి 6,000, నాలుగు నెలలకోసారి 2,000. 19వ విడత 2025 ఫిబ్రవరి 24న విడుదలైంది, 20వ విడత ఆగస్టు 2న. ఏప్రిల్-జూలై కాలానికి రావాల్సిన డబ్బు జూలై కూడా దాటాక వచ్చింది. మధ్యలో ఐదు నెలల పైన గడిచాయి, తొలకరి ఆ మధ్యలోనే పోయింది. సభ పెట్టి మీట నొక్కే రోజు కోసం విత్తనం ఆగదు కదా.

దీనికి భిన్నంగా ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛను చూడండి. ఒకటో తారీఖు వస్తే ఇంటి దగ్గరికే వచ్చి చేతిలో పెడతారు. 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000. ఆ తేదీ మీద నమ్మకం ఉన్న ఇంట్లో బీపీ మాత్రలు నెలకు సరిపడా ఒకేసారి కొంటారు, దుకాణంలో బాకీ ఐదో తారీఖులోపు తీరుస్తారు. నమ్మకమైన తేదీ ఉంటే ఆ మనిషికి ఊళ్లో పరపతి నిలబడుతుంది. ఇదే పింఛనులో కేంద్రం వాటా మాత్రం 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200 రూపాయలు. 2007 నుంచి అదే అంకె. ఈ మధ్యలో బియ్యం, మందుల ధరలు ఎక్కడికి పోయాయో ఎవరూ లెక్క వేయనట్టుంది.

విడతల పరిమాణం గురించి కూడా చెప్పాలి. నెలనెలా వచ్చే డబ్బు తిండికి, మందులకు పోతుంది, పోవాలి కూడా. ఒకేసారి వచ్చే డబ్బు ఇంటి కప్పుకో, మేకలకో, విత్తనానికో పోతుంది. కెన్యాలో రెండు పద్ధతుల్లోనూ ఇచ్చి పోల్చినప్పుడు తేడా స్పష్టంగా కనబడింది. నెలవారీ ఇళ్లలో తిండికి భరోసా పెరిగింది, ఒకేసారి అందిన ఇళ్లలో మన్నే వస్తువులు పెరిగాయి. నాలుగు నెలలకోసారి వచ్చే 2,000 ఈ రెండింటికీ చాలదు. దాన్ని జూన్ మొదట్లో ఒకేసారి 6,000గా ఇస్తే ప్రభుత్వానికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు, రైతుకు యూరియా, డీఏపీ బస్తాలు రొక్కానికి వస్తాయి.

ఇక సొమ్ము వచ్చే దారి. ‘నా ఖాతాకు ఆధార్ లింకై ఉంది, అయినా డబ్బు పడలేదు’ అనే మాట ప్రతి ఊళ్లో వినబడుతుంది. ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయని చాలామందికి ఎవరూ చెప్పలేదు. బ్యాంకు తన రికార్డులో ఆధార్ నంబరు నమోదు చేసుకోవడం ఒకటి. జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ దగ్గరుండే ‘మ్యాపర్’ అనే జాబితాలో ఆ ఆధార్‌కు ఎదురుగా ఆ బ్యాంకు పేరు ఎక్కడం రెండోది. ఈ రెండోదాన్నే సీడింగ్ అంటారు, ప్రభుత్వ సొమ్ము నడిచేది దాని మీదే. మ్యాపర్‌లో ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే ఉంటుంది, చివరగా ఎక్కినదే చెల్లుతుంది. కొత్త సిమ్ కోసమో, చిన్న అప్పు కోసమో వేలిముద్ర వేసిన చోట కొత్త ఖాతా తెరిచి అక్కడ ఆధార్ ఎక్కిస్తే, సాయం ఆ తెలియని ఖాతాలోకి పోతుంది. 2017లో ఒక టెలికాం కంపెనీ పేమెంట్స్ బ్యాంకులోకి లక్షల మంది గ్యాస్ సబ్సిడీ వారికి తెలియకుండానే వెళ్లింది ఇలాగే. నమోదైన ఫోను నుంచి *99*99*1# కొట్టినా, ఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు సీడింగ్ స్థితి చూసినా ఏ బ్యాంకు ఎక్కి ఉందో తెలుస్తుంది. మార్చాలంటే కావలసిన బ్యాంకు శాఖకు వెళ్లి ‘ప్రత్యక్ష నగదు బదిలీ కోసం ఆధార్ సీడింగ్’ అని రాసి ఉన్న సమ్మతి పత్రం ఇవ్వాలి. ఉత్త ఆధార్ జిరాక్సు ఇచ్చి వస్తే మొదటి పని మాత్రమే అవుతుంది.

డబ్బు ఖాతాలో పడ్డాక ఇంకో గడప ఉంది, బ్యాంకు తరఫున ఊళ్లోనే సొమ్ము చెల్లించే బ్యాంకు మిత్ర దగ్గరి చేతి యంత్రం. నాట్లు వేసి, సిమెంటు కలిపి అరిగిపోయిన వేళ్లు అది గుర్తుపట్టదు. ఒక వృద్ధురాలు కుడి బొటనవేలు పెడుతుంది, యంత్రం ‘సరిపోలలేదు’ అంటుంది. చూపుడు వేలు, మళ్లీ అదే. చెంగుతో తుడిచి ఎడమచేయి. నాలుగోసారికి సిగ్నల్ పోతుంది. ఇక్కడే పెద్ద మోసానికీ, పెద్ద పొరపాటుకూ సందు. ‘పడలేదమ్మా, రేపు రా’ అన్నప్పుడు ఖాతాలో సొమ్ము తగ్గి ఉండొచ్చు. అదే యంత్రంలో మినీ స్టేట్‌మెంట్ తీయించి చీటీ చేతికి తీసుకోకుండా కదలకూడదు. సొమ్ము తగ్గి, చేతికి రాకపోతే ఐదు రోజుల్లో తిరిగి జమ కావాలి, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పరిహారం అడగొచ్చని పల్లెల్లో చాలామందికి తెలియదు. వెయ్యికి పదో ఇరవయ్యో కోసుకోవడమూ మామూలైపోయింది. బ్యాంకు మిత్రకు కమీషన్ బ్యాంకే ఇస్తుంది. ఆ మాట ప్రతి యంత్రం పక్కన తెలుగులో రాసి అంటించాలి.

అసలు ఈ సొమ్ము ఎవరికి పోతోందన్న ప్రశ్న ఇంకా బాధాకరమైనది. సాగు సాయం పట్టా మీద పడుతుంది. దున్నేది కౌలురైతు, ఎరువు అప్పు అతనిది, పంట పోతే నష్టం అతనిది. ఖాతా మాత్రం భూయజమానిది. సాయం వస్తోంది కాబట్టి కౌలు తగ్గించిన యజమానులు అరుదు. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి 11 నెలల కార్డు ఇచ్చింది, కానీ దానికి యజమాని సమ్మతి కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతారేమోనని భయం. ఆ భయం పోయేలా గ్రామసభలో ధ్రువీకరించి, సంతకం అవసరం లేకుండా చేస్తే తప్ప ఆ కార్డు కౌలుదారులందరికీ అందదు. ఒడిశా 2018 చివర్లో తెచ్చిన కాలియా పథకంలో కౌలుదారులకూ చోటిచ్చింది, భూమిలేని కుటుంబాలకు మేకలు, కోళ్లు, పుట్టగొడుగుల పెంపకం వంటి వాటికి 12,500 పెట్టింది. తెలంగాణ 2025లో భూమిలేని కూలీలకు ఏడాదికి 12,000 అంది, ఉపాధి హామీలో 20 రోజుల పని షరతుతో. ఒంటరి వృద్ధులకు, మంచాన పడ్డవారికి ఆ 20 రోజులు ఎక్కడి నుంచి వస్తాయి?

నగదు అన్నిటికీ బదులు కాదని కూడా అనుభవం చెబుతోంది. జార్ఖండ్‌లో రాంచీ దగ్గర నగ్రీ బ్లాకులో 2017 అక్టోబరులో కిలో రూపాయి బియ్యం ఆపి, ఆ రాయితీ డబ్బు ఖాతాలో వేసి, రేషన్ దుకాణంలోనే కిలో సుమారు 32 రూపాయలకు కొనుక్కోమన్నారు. జనం డబ్బు పడిందో లేదో చూడ్డానికి ఒకసారి, తీయడానికి ఒకసారి, బియ్యానికి ఒకసారి తిరిగారు. తిరిగిన ప్రతి రోజూ కూలి పోయింది. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ పద్ధతి ఎత్తేసింది. మన దగ్గర బియ్యానికి బదులు డబ్బు అనే ఆలోచన వచ్చినప్పుడల్లా నగ్రీ గుర్తుకు రావాలి.

మేం కోరేది కొత్త పథకం కాదు. ప్రతి నగదు పథకానికీ తేదీలను బడ్జెట్‌తో పాటే ప్రకటించండి. సాగు సాయం జూన్ మొదటి వారం, యాసంగికి నవంబరు. విడుదలకు పదిహేను రోజుల ముందు ప్రతి ఖాతాకూ ఒక్క రూపాయి పంపి చూడండి. తిరిగొచ్చిన పేర్లను కారణంతో సహా గ్రామ పంచాయతీ గోడ మీద పెట్టండి. మ్యాపర్‌లో లేదు, ఖాతా ఆగిపోయింది, పేరు సరిపోలేదు అని విడివిడిగా రాయండి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద వేతనం ఆలస్యమైతే పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారమన్న నిబంధన పెట్టారు, అదే నియమం సాగు సాయానికీ పెట్టండి. వేలిముద్ర మూడుసార్లు పడకపోతే బ్యాంకు మిత్రే ఇంటికొచ్చి కంటిపాపతోనో, ఓటీపీతోనో సొమ్ము ఇచ్చే ఏర్పాటు చేయండి. వచ్చే వానాకాలం జాబితా నుంచే ఇది మొదలవ్వాలి.

ఇట్లు,
మీ పాఠకులు